దారిబత్తెం: పెట్టె ఒక్కసారే విప్పుకునే ప్రయాణం

ఈ మధ్య బెంగుళూరు నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. వాళ్ళ అమ్మగారికీ నాన్నగారికీ డెబ్బై దగ్గర పడిందట. పిల్లలందరూ తలా కొంత వేసుకుని వాళ్ళని యూరపులో నది మీద ఓడ ప్రయాణానికి పంపాలనుకుంటున్నారట. "అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నాన్నగారికి పెరుగన్నం లేనిదే భోజనం అయినట్టు కాదు. ఇంత డబ్బు పోసి పంపితే వాళ్ళు సుఖపడతారా, లేక మా తృప్తి కోసం వాళ్ళని కష్టపెట్టినట్టవుతుందా?" అని అడిగారు.

ఈ ప్రశ్నకి నేను పుస్తకాలు వెతకక్కర్లేదు. 2022 ఆగస్టులో మా అప్పా నేనూ అలాంటి ప్రయాణమే చేసి వచ్చాం. అన్నట్టు, మా గంజాం జిల్లా తెలుగువాళ్ళం అక్కని అప్ప అనే పిలుస్తాం. మద్రాసు వైపు చదువరులు నేను మా నాన్నగారితో వెళ్ళాననుకునేరు!

అప్పకి అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు, నాకు అరవై మూడు. 2017లో అప్పా, బావగారూ ఒకసారి యూరపు చూసొచ్చారు. తొమ్మిది రోజుల్లో ఆరు దేశాలు, అంతా బస్సు మీద. రోజూ తెల్లవారుజామునే లేచి పెట్టె సర్ది గది బయట పెట్టాలి. రాత్రికి ఇంకో ఊళ్ళో, ఇంకో హోటల్లో ఆ పెట్టె మళ్ళీ విప్పాలి. తిరిగొచ్చాక "ఎలా ఉందప్పా యూరపు?" అని అడిగితే, "నేను చూసింది యూరపు కాదే, నా ముందు సీటు వీపు" అంది.

ఆ ప్రయాణంలో బావగారికి ఒక్క కొరత మిగిలిపోయింది. ఆయన ఖుర్దా రోడ్డులో రైల్వే ఉద్యోగం చేసే రోజుల్లో కలకత్తాలో ఒక క్యాసెట్టు కొన్నారు. యోహాన్ స్ట్రాస్ 1866లో కట్టిన డాన్యూబు నది సంగీతం అందులో ఉంది. ఆదివారం పూట మా ఇళ్ళల్లో ఘంటసాల మోగుతుంటే వాళ్ళింట్లో అది మోగేది. తీరా వియన్నా వెళ్తే, బస్సువాళ్ళు ఊరి నడిబొడ్డున రెండు గంటలు దింపి మళ్ళీ ఎక్కించుకున్నారు. అసలు డాన్యూబు ఆ పాత ఊరికి దూరంగా పారుతుంది. నది చూడకుండానే వచ్చేశారు.

2019లో అప్ప కుడి మోకాలికి ఆపరేషను అయింది. 2020లో బావగారు పోయారు. ఆ తరువాత రెండేళ్ళు అప్ప గుమ్మం దాటలేదు. 2022 సంక్రాంతికి మా ఇంటికి వచ్చి, వంటింట్లో పీట మీద కూర్చుని, ఉన్నట్టుండి "ఆ నది చూసొద్దామా?" అంది. అంతే. ఎందుకు, ఏమిటి అని నేను అడగలేదు.

అప్ప కొడుకు మాత్రం అడిగాడు. "పిన్నీ, ఆ మోకాలితో అమ్మ ఎక్కడికి పోతుంది? నువ్వు కూడా ఎగదోస్తున్నావా?" అని ఫోనులో కోప్పడ్డాడు. వాడి భయం అబద్ధం కాదు. పైగా ఖర్చు పెట్టేది బావగారి రిటైర్మెంటు డబ్బు. అప్ప పుట్టి బుద్ధెరిగాక తన కోసం అంత మొత్తం ఎప్పుడూ ఖర్చు పెట్టలేదు. ఆవిడ కాలు నొప్పితో క్యాబిన్లో పడుకుని తిరిగొస్తే, ఆ పాపం నాదే అవుతుంది.

అందుకని ముందు కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాను. ముప్పై ఏళ్ళు బరంపురం హైస్కూల్లో భూగోళం చెప్పినదాన్ని. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది!

అప్పకి మొదటి భయం ఓడంటేనే. గోపాలపూరు సముద్రం చూస్తూ పెరిగినవాళ్ళం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మా తీరాన్నే దాటింది. అందుకని ముందు ఆవిడకి పటం పరిచి చూపించాను. నది ఓడకి సముద్రపు ఊగుడు ఉండదు. రెండు పక్కలా గట్టు కనిపిస్తూనే ఉంటుంది. సముద్రపు ఓడల్లో వేలమంది ఎక్కుతారు, నది ఓడల్లో సాధారణంగా ఓ నూట యాభై నుంచి నూట తొంభై మంది. క్యాబిన్ మనకి ఇల్లు, ఓడ మన వీధి. పెట్టె మొదటిరోజు విప్పి బీరువాలో సర్దుకుంటే మళ్ళీ చివరిరోజే కట్టాలి. ఈ ఆఖరి మాటతో అప్ప ఒప్పుకుంది.

మరి ఏ నది? చాలామంది ఓడ బొమ్మలు చూసి ఎంచుకుంటారు. నన్నడిగితే నదిని చూసి ఎంచుకోవాలి. రైన్ మీద బాసెల్ నుంచి ఆమ్‌స్టర్‌డాం దాకా వెళ్ళే ప్రయాణం కోటలు ఇష్టమైనవాళ్ళకి. రూడెస్‌హైం, కోబ్లెన్జ్ ఊళ్ళ మధ్య లోయలో మలుపు మలుపుకీ కొండమీద ఒక కోట ఉంటుంది. పోర్చుగల్లో డౌరో నది మీద ఓడలు రాత్రిపూట నడవవు. నిదానం కోరుకునేవాళ్ళకి అది బాగుంటుంది, కాని నడి వేసవిలో అక్కడ ఎండ మన ఎండలాంటిదే. ఫ్రాన్సులో సేన్ మీద పారిస్ నుంచి నార్మండీ వైపు వెళ్ళి మళ్ళీ పారిస్‌కే రావచ్చు. డాన్యూబు అన్నింటికన్నా పెద్దది. జర్మనీలో నల్ల అడవి కొండల్లో పుట్టి, 10 దేశాలు తాకి, సుమారు 2,850 కిలోమీటర్లు పారి నల్ల సముద్రంలో కలుస్తుంది. మన గోదావరి 1,465 కిలోమీటర్లు. అంటే దాదాపు దానికి రెట్టింపు. వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్టు, బెల్‌గ్రేడు అనే నాలుగు రాజధానులు దాని ఒడ్డునే ఉన్నాయి. మా సంగతి వేరు కనుక ఎంపిక గొడవే లేదు. జర్మనీలో న్యూరెంబర్గు నుంచి హంగరీలో బుడాపెస్టు దాకా ఏడు రాత్రుల ప్రయాణం కుదుర్చుకున్నాం.

ఇక నెల. ఈ ఓడలు ఎక్కువగా మార్చి ఆఖరు నుంచి అక్టోబరు దాకా నడుస్తాయి. మళ్ళీ డిసెంబరులో క్రిస్మసు సంతల కోసం కొన్నాళ్ళు. వసంతంలో మంచు కరిగి, వానలు తోడై వరద రావచ్చు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా నీళ్ళు తగ్గిపోవచ్చు. నేను ఆగస్టు చివర ఎందుకు తీసుకున్నానంటే, మాకు వీసా అపాయింట్‌మెంటు అప్పటికే దొరికింది కనుక. దాని ఫలితం తరువాత చెబుతాను.

వీసా సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. షెంగెన్ వీసా ఒకటే అయినా, ఏ దేశంలో ఎక్కువ రోజులుంటారో ఆ దేశానికే అర్జీ పెట్టుకోవాలి. సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. ఓడ రాత్రుళ్ళు సరిహద్దులు దాటుతుంది కనుక ఈ లెక్క జాగ్రత్తగా వెయ్యాలి. మాకు జర్మనీ తేలింది. కలకత్తా వెళ్ళి వేలిముద్రలిచ్చి వచ్చాం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అర్జీ తీసుకుంటారు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. మీరు బెల్‌గ్రేడు దాటి కింది డాన్యూబుకి వెళ్ళేటట్టయితే, సెర్బియా షెంగెన్‌లో లేదు కనుక, బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి రావడానికి వీలుండే వీసా అడగాలి.

క్యాబిన్ ఎంపికలో చవక చూసి మోసపోకండి. అన్నింటికన్నా కింది డెక్కులో ధర తక్కువ. కాని అక్కడ కిటికీ చిన్నది, తెరుచుకోదు, నీటిమట్టానికి కాస్త పైన ఉంటుంది. నడిమి డెక్కులో గోడంత అద్దం తలుపు ఉంటుంది, మంచం మీంచే నది కనిపిస్తుంది. మా కూర్చునే ప్రాణానికి అదే ముఖ్యం. ఒక్కరే వెళ్తే చాలా చోట్ల రెండో మంచానికీ డబ్బు కట్టించుకుంటారు. అప్పచెల్లెళ్ళం కనుక మాకు ఆ బాధ తప్పింది.

న్యూరెంబర్గులో ఓడ ఎక్కాం. మొదటి రోజున్నర డాన్యూబు మీద కాదు, కాలువ మీద. రైన్ నదికి ఉపనది అయిన మైన్‌ని డాన్యూబుతో కలిపే కాలువ అది. 171 కిలోమీటర్లు. 793లో షార్లమేను చక్రవర్తి ఇలాంటి కాలువ ఒకటి తవ్వించబోయాడు. ఇప్పటి కాలువ పూర్తయింది 1992లో. ఓడ మెట్లెక్కినట్టు లాకుల మీదుగా 406 మీటర్ల ఎత్తుకి ఎక్కి, అవతలి వైపు దిగుతుంది. ధవళేశ్వరం లాకులు చూసినవాళ్ళకీ, మద్రాసులో బకింగ్‌హాం కాలువ కథలు విన్నవాళ్ళకీ లాకులంటే చెప్పక్కర్లేదు. కాని ఇక్కడ కొన్ని లాకులు దాదాపు 25 మీటర్లు, ఎనిమిదంతస్తుల మేడంత. లాకు వెడల్పు 12 మీటర్లు, ఓడ వెడల్పు 11.4 మీటర్లు. పక్కన మూరెడు సందు కూడా లేదు. రాత్రి అప్ప నన్ను తట్టి లేపి, "ఒసే, గోడ కిందికి దిగుతోందేమిటే?" అంది. దిగుతున్నది గోడ కాదు, లేస్తున్నది మేము.

ఆ ఎత్తు మీద కాలువ గట్టున ఒక గుర్తు కట్టారు. దానికి ఇవతల పడిన చినుకు ఉత్తర సముద్రానికి, అవతల పడిన చినుకు నల్ల సముద్రానికి పోతుంది. ముప్పై ఏళ్ళు పిల్లలకి నల్లబల్ల మీద జలవిభాజకం గీసి చూపించాను. కళ్ళతో చూడటం అదే మొదటిసారి.

అయితే కాలువ మీద వంతెనలు బాగా పల్లం. అందుకని పై డెక్కు మూసేస్తారు. పైనున్న కటకటాలు మడిచేస్తారు, సరంగు గది కూడా కిందికి దించేస్తారు. పైన కూర్చుందామని వచ్చిన అప్పకి మొదటి రెండు రోజులూ ఆ యోగం లేకపోయింది. పైగా మా ఓడలో లిఫ్టు పై డెక్కు దాకా వెళ్ళదని అప్పుడు తెలిసింది. చాలా ఓడల్లో అంతేనట. ముందే అడగవలసిన మాట అది. అడగలేదు.

మూడోరోజు రేగెన్స్‌బర్గు. పన్నెండో శతాబ్దపు రాతి వంతెన ఇప్పటికీ నది మీద నిలబడి ఉంది. వీధులన్నీ గుండ్రాళ్ళు పరిచినవి. చూడ్డానికి ముచ్చట, నడవడానికి మోకాలికి శిక్ష. అప్ప వంతెన మొదట్లో బల్ల మీద కూర్చుంది, నేను అటు చివరిదాకా వెళ్ళొచ్చాను. ఆ సాయంత్రం భోజనాల ముందు కెప్టెన్ మైకు పట్టుకున్నాడు. కింద నదిలో నీళ్ళు చాలవు. ఓడ ముందుకి పోదు. రేపు పొద్దున్న అందరూ పెట్టెలు సర్దుకోవాలి. బస్సులో పాసౌ వెళ్తే అక్కడ ఇలాంటిదే ఇంకో ఓడ సిద్ధంగా ఉంటుంది.

అప్ప ఏమీ అనలేదు. క్యాబిన్‌కి వచ్చి బీరువాలోంచి చీరలు ఒక్కొక్కటీ తీసి మంచం మీద పెట్టింది. "పెట్టె ఒక్కసారే విప్పుకోవాలన్నావు కదే" అంది. కోపంగా అంటే నేనూ ఏదో అనేదాన్ని. మెల్లిగా అంది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఎందుకిలా జరిగిందో చెబుతాను, మీకు పనికొస్తుంది. పై డాన్యూబులో చాలా భాగం ఆనకట్టలూ లాకులూ ఉన్నాయి. అవి నీళ్ళని పట్టి ఉంచుతాయి. కాని బవేరియాలో స్ట్రాబింగ్ నుంచి విల్స్‌హోఫెన్ దాకా సుమారు 70 కిలోమీటర్లు ఆనకట్ట లేదు. అక్కడ నది తన ఇష్టం. 2022 వేసవిలో యూరపంతా కరువు. అదే ఆగస్టులో కింద సెర్బియాలో, 1944లో మునిగిన జర్మను యుద్ధ నౌకలు డాన్యూబు అడుగు నుంచి పైకి తేలాయి. రైన్ మీద కౌబ్ అనే ఊరి దగ్గర నీటి కొలత 40 సెంటీమీటర్ల కిందికి పడింది. ఇలాంటప్పుడు దారి మార్చే, బస్సెక్కించే హక్కు తమకుందని కంపెనీలు ఒప్పందంలో చిన్న అక్షరాల్లో రాసుకుంటాయి. మాకు టిక్కెట్లమ్మిన ఏజెంటు ఆ మాట ఒక్కసారైనా నోటితో చెప్పలేదు. చిన్న అక్షరాలు చదవకపోవడం నా తప్పు.

మర్నాడు పెట్టెలు మేము ముట్టుకోలేదు, సిబ్బందే మోశారు. అప్పకి బస్సులో ముందు సీటు అడిగి తీసుకున్నాను. అందులో ఆవిడ ముందు ఇంకో సీటు వీపు లేదు! రెండు గంటల్లో పాసౌ. అక్కడి ఓడలో మాకు అదే నంబరు క్యాబిన్. నిజం చెప్పాలంటే, అడ్డంకి వచ్చింది ఒక్క పూటకి. కాని ముందు తెలిసి ఉంటే అది అడ్డంకి, తెలియకపోతే అది మోసంలా తోస్తుంది. తేడా అక్కడే ఉంది.

పాసౌలో మూడు నదులు కలుస్తాయి. డాన్యూబు, ఇన్, ఇల్జ్. మూడింటికీ మూడు రంగులు. ఓడ ఆగే రేవు పక్కనే పాత టౌనుహాలు. దాని గోడ మీద ఏ సంవత్సరం వరద ఎంత ఎత్తు వచ్చిందో గీతలు గీశారు. 2013 జూన్‌లో నది 12.89 మీటర్లకి లేచిందట. అయిదు వందల ఏళ్ళలో అంత వరద రాలేదు. ఆ గీత మా తలల కన్నా చాలా పైన ఉంది. అప్ప తలెత్తి దాన్ని చూసి, నది వైపు చూసి, "ఇదే నదా నిన్న మనల్ని బస్సెక్కించింది?" అంది. మొదటిసారి నవ్వింది.

తరువాతి రోజు మెల్క్. 1089 నుంచి బెనెడిక్టు సన్యాసులుండే మఠం, నది ఒడ్డున రాతి గుట్ట మీద పసుపు రంగులో మెరుస్తూ ఉంటుంది. నేను అప్ప కోసం ఉండిపోతానన్నాను. "నా మోకాలికి నువ్వెందుకు కుంటాలి? వెళ్ళు" అని తరిమేసింది. నేను తిరిగొచ్చేసరికి ఆవిడ క్యాబిన్లో లేదు. ఒక సిబ్బంది కుర్రవాడు ముందు, ఆవిడ వెనక, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి పై డెక్కు మీద గొడుగు కింద కుర్చీలో కూర్చుని ఉంది. మంచి కాలు ముందు పైకి, నొప్పి కాలు తరువాత. డాక్టరు చెప్పిన పద్ధతే.

మధ్యాహ్నం మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా వాఖౌ లోయ. 36 కిలోమీటర్లు, రెండు గంటలు. యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రెండు పక్కలా కొండలు, వాటి మీద రాతి గట్లు కట్టి మెట్లు మెట్లుగా ద్రాక్ష తోటలు. కింద జల్దరు పళ్ళ తోటలు. మలుపు తిరిగితే డ్యూర్న్‌స్టైన్. నీలం రంగు గోపురం, పైన కూలిన కోట. 1192లో ఇంగ్లండు రాజు రిచర్డుని పట్టుకుని దాచింది అక్కడే. పాపికొండల్లో లాంచీ మీద వెళ్ళినవాళ్ళకి కొండ దగ్గరికొచ్చి దారిచ్చి తప్పుకున్నట్టుండే ఆ ముచ్చట తెలుసు. అదే ఇక్కడ, కాని ప్రతి కొండ మీదా మనిషి చెయ్యి కనిపిస్తుంది. అప్ప రెండు గంటలూ కదల్లేదు. చర్చి గోపురాలు లెక్కపెడుతూ కూర్చుంది. మధ్యలో ఒకసారి, "బస్సులో మనం ఒడ్డు దగ్గరికి పరిగెత్తాలి. ఇక్కడ ఒడ్డే మన దగ్గరికి వస్తోందే" అంది. మొత్తం ప్రయాణం మీద ఇంతకన్నా మంచి మాట నేను రాయలేను.

ఆ వియన్నా వచ్చింది. రేవులో చోటు చాలక ఓడలు పక్కపక్కన కట్టేస్తారు. మాది రెండోది. అద్దం తలుపు తీస్తే ఎదుటి ఓడ క్యాబిన్. ఒడ్డుకి వెళ్ళాలంటే మన పై డెక్కు ఎక్కి, పక్క ఓడ డెక్కు మీదుగా నడిచి, దాని మెట్లు దిగాలి. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ అంతా. పొద్దున్న ఊరు చూడ్డానికి అప్ప రానంది. నేను మెట్రోలో పావుగంటలో ఊరి నడిబొడ్డుకి వెళ్ళి, స్తెఫాన్ చర్చి చూసి వచ్చాను. సాయంత్రం కచేరీ ఉంది. విడిగా టిక్కెట్టు, ఓడ ఖర్చులో కలవదు. ఆ నది సంగీతం వాయిస్తారని కరపత్రంలో ఉంది. రెండు ఓడల మెట్లు ఎక్కి దిగడానికి అప్పకి ఇరవై నిమిషాలు పట్టింది. ఎవరూ విసుక్కోలేదు. వెనకున్న ముసలాయన ఒకాయన తన చేతికర్ర ఇవ్వబోయాడు.

కచేరీ చివర్లో అది వాయించారు. అప్ప ఒళ్ళో చేతులు పెట్టుకుని విన్నది. "క్యాసెట్టులో ఇంకా మెల్లిగా ఉండేది" అని మాత్రం అంది. మర్నాడు తెల్లవారి డెక్కు మీద కాఫీ తాగుతూ నదిని చూపించి, "నీలం ఎక్కడే? పచ్చగా ఉంది" అంది. కాసేపాగి, "మీ బావగారైతే ఒప్పుకునేవారు కారు. నీలమే అనేవారు" అంది. మేమిద్దరం నవ్వుకున్నాం. తరువాత కాసేపు ఏమీ మాట్లాడలేదు.

బుడాపెస్టుకి చివరి రాత్రి చేరాం. పార్లమెంటు భవనం దీపాలన్నీ నీళ్ళలో పడి ఉన్నాయి. 1849 నాటి గొలుసు వంతెనకి అప్పుడు మరమ్మతులు జరుగుతున్నాయి. పొద్దున్నే పార్లమెంటు పక్కన గట్టు మీద ఇనుప చెప్పులు చూశాం. అరవై జతలు, ఆడవాళ్ళవి, మగవాళ్ళవి, పిల్లలవి. 1944-45 చలికాలంలో అక్కడి నాజీ పక్షంవాళ్ళు యూదుల్ని ఒడ్డున నిలబెట్టి, చెప్పులు విప్పించి, కాల్చి నదిలో తోసేశారు. ఆ గుర్తుగా 2005లో పెట్టారు. అప్ప ఒక చిన్న జత దగ్గర చాలాసేపు నిలబడింది. నది అందరి కథా మోస్తుంది.

భోజనం సంగతి చెప్పకపోతే బెంగుళూరు నాన్నగారికి అన్యాయం. అక్కడ శాకాహారం అంటే గుడ్డు ఉండొచ్చు, కొందరికి చేప కూడా. "మాంసం, కోడి, చేప, గుడ్డు వద్దు, పాలు, పెరుగు, వెన్న ఫరవాలేదు" అని ఇంగ్లీషులో చీటీ రాసి మొదటిరోజే వంటాయనకి ఇవ్వండి. మాకు రెండోరోజు నుంచి రోజూ తెల్లన్నం, పెరుగు వచ్చాయి. కందిపొడి, మాగాయ మేం పట్టుకెళ్ళాం. నెయ్యి, పాలకోవా మాత్రం పట్టుకెళ్ళకండి. బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడం అక్కడ నిషేధం. ఇవన్నీ కాక, చాలా కంపెనీలు సిబ్బందికి బహుమానంగా రోజుకి మనిషికి 10 నుంచి 15 యూరోలు ఇవ్వమంటాయి. అది ఖర్చులో కలిసిందో లేదో ముందే అడగండి.

ఇప్పుడు ఆ ఉత్తరానికి నా జవాబు. అమ్మా, మీ అమ్మానాన్నల్ని పంపండి. కాని ఎన్ని ఊళ్ళు చూపిస్తారని కాకుండా, ఎంతసేపు కూర్చుని చూడనిస్తారని అడిగి పంపండి. డబ్బు కట్టేముందు ఏజెంటుని ఈ ప్రశ్నలు వెయ్యండి. జవాబులు కాగితం మీద రాయించుకోండి. లిఫ్టు ఏ డెక్కు దాకా వెళ్తుంది? పగటిపూట ఓడ నడిచే గంటలు ఎన్ని? అసలు అందం రాత్రి దాటేస్తే పంపి లాభం లేదు. ఊరు చూడ్డానికి మెల్లిగా నడిచేవాళ్ళకి వేరే జట్టు ఉందా? ఓడలు పక్కపక్కన కట్టేది ఏ రేవుల్లో? నీళ్ళు తగ్గితే, లేదా ఎక్కువైతే ఏం చేస్తారు, ఎంత డబ్బు వెనక్కిస్తారు? మన బీమా దానికి వర్తిస్తుందా? ఈ ఆఖరి రెండిటికీ సరైన జవాబు చెప్పని చోట కొనకండి.

ఇంకొక్క మాట, ఇది ఏజెంటుకి కాదు, మీకే. "అన్నీ చూశారా?" అని వాళ్ళని అడక్కండి. మా అప్ప మెల్క్ మఠం చూడలేదు, వియన్నా రాజభవనాలు చూడలేదు. కాని ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా వాఖౌలో పదకొండు గోపురాలు లెక్కపెట్టానని చెబుతుంది. నేను లెక్కపెడితే తొమ్మిదే వచ్చాయి. ఆవిడతో వాదించడం మానేశాను.

మీ ప్రయాణాల అనుభవాలు కూడా రాయండి. మంచివే కాదు, బెడిసికొట్టినవీ రాయండి. ఇంకొకరికి దారిబత్తెం అవుతాయి. వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.